అల్మారా నిండింది, పొదుపు నిండిందా?

ప్రశ్న: నా వయసు 32. నాలుగేళ్లుగా బ్లైండ్ బాక్స్ బొమ్మలు (పెట్టె విప్పేదాకా లోపల ఏ బొమ్మ ఉందో తెలియనివి), నాకిష్టమైన కళాకారుల లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్లు కొంటున్నాను. అల్మారాలో 140కి పైగా బొమ్మలున్నాయి, గోడల మీద తొమ్మిది ప్రింట్లున్నాయి. జీతంలో దాదాపు ఐదో వంతు వీటికే పోతోంది. క్రెడిట్ కార్డు మీద కొంత బాకీ పేరుకుంది, దానికి నెలకు 2 శాతం వడ్డీ పడుతోంది. అయినా ఇది పెట్టుబడేనని నా నమ్మకం. ఒకే బొమ్మను పదే పదే వేసిన కళాకారుల పనులే ఇవాళ కోట్లు పలుకుతున్నాయి కదా! మా వారు మాత్రం అన్నీ అమ్మేయమంటున్నారు. వచ్చే నెల ఒక ప్రింటు 500 ప్రతులతో విడుదలవుతోంది, 12 వాయిదాల్లో ఇస్తారట. తీసుకోవచ్చా? ఇప్పటికే ఉన్నవాటిని నా పొదుపు కింద లెక్కేసుకోవచ్చా?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. పొదుపు కింద లెక్కేసుకోకండి. రేపు డబ్బు అవసరమైతే ఎంత చేతికి వస్తుందో, ఎన్నాళ్లకు వస్తుందో చెప్పలేని వస్తువు ఎంత అందమైనదైనా పొదుపు కాదు. అలాగని అన్నీ అమ్మేయమని మీ వారు చెప్పినదాన్నీ నేను సమర్థించను. వాటి వల్ల మీకు కలుగుతున్న సంతోషం నిజమైనదే. చిక్కల్లా ఆ సంతోషానికి పెట్టుబడి అని పేరు పెట్టడం దగ్గర వచ్చింది. ఆ పేరు ఉన్నంతకాలం ఎంత ఖర్చు పెట్టినా తప్పు చేస్తున్నట్టు అనిపించదు.

ఒకే బొమ్మ, కోట్ల ధర అన్నారు. మీ మనసులో ఉన్నది బహుశా అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేసిన క్యాంప్‌బెల్ సూప్ డబ్బాలే అయి ఉంటుంది. ఆ కథను డబ్బు వైపు నుంచి ఒకసారి దగ్గరగా చూడండి. 1962లో లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో ఆ 32 చిత్రాలను దుకాణంలో సరుకు పేర్చినట్టు సన్నని చెక్క అంచు మీద వరుసగా నిలబెట్టారు. ఒక్కోటి 20 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు. ఒక్కో దాని ధర 100 డాలర్లు. కొన్నింటికి కొనేవాళ్లు కుదిరారు కూడా. కానీ గ్యాలరీ నడిపే ఇర్వింగ్ బ్లమ్‌కు ఇవి విడిపోకూడదనిపించింది. కొన్నవాళ్లకు నచ్చజెప్పి వెనక్కి తెచ్చుకుని, మొత్తం 32 చిత్రాలనూ 1,000 డాలర్లకు తానే తీసుకున్నాడు. నెలకు 100 డాలర్ల చొప్పున పది నెలల్లో వార్హోల్‌కు చెల్లించాడు. 1996లో అవి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు చేరాయి. కొంత విరాళంగా, కొంత అమ్మకంగా కుదిరిన ఆ ఒప్పందం విలువ సుమారు కోటిన్నర డాలర్లు.

34 ఏళ్లలో 1,000 డాలర్లు కోటిన్నర కావడమంటే ఏటా సుమారు 33 శాతం చక్రవృద్ధి. సమకాలీన కళలో నూటికో కోటికో ఒకరికి దక్కే రాబడి అది. ఇప్పుడు మీ క్రెడిట్ కార్డు సంగతి చూడండి. నెలకు 2 శాతం అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ చేరితే ఏడాదికి దాదాపు 27 శాతం అవుతుంది. అంటే అప్పుతో కొన్న ప్రతి బొమ్మ ఏటా 27 శాతం పెరిగితేనే మీరు నష్టం లేకుండా నిలబడతారు. అది లాభం కాదు, సున్నా. బ్లమ్‌కు దక్కిన అసాధారణ అదృష్టానికి ఓ ఐదారు శాతం తక్కువ అదృష్టం మీ అల్మారాలోని ప్రతి బొమ్మకూ ఏటా పట్టాలన్నమాట. ఇది జరగదు. ఆయనా వాయిదాల మీదే కొన్నాడు కదా అనవచ్చు. కానీ ఆయన వాయిదాల మీద కార్డు వడ్డీ లేదు. పైగా ఒక్కసారి కొని, 34 ఏళ్లు కదలకుండా ఉన్నాడు.

ఇంకో సంగతి ఉంది, అసలైనది అదే. ఆ చిత్రాలు 32 ఎందుకయ్యాయి? అప్పట్లో క్యాంప్‌బెల్ కంపెనీ అమ్మే సూప్ రకాలు 32 కాబట్టి. ఒక్కో రకానికి ఒక్కో చిత్రం వేసి వార్హోల్ ఆ వరుసను ముగించాడు. తర్వాత సిల్క్ స్క్రీన్ అనే అచ్చు పద్ధతిలో అవే డబ్బాలను ఎన్నోసార్లు మళ్లీ చేశాడు, నిజమే. కానీ ఈ వరుసకు మాత్రం ఒక హద్దు ఉంది. పునరావృత్తిని కళగా నిలబెట్టేది ఆ హద్దే. జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆండ్రియాస్ గర్‌స్కీ తీసిన ఫొటో ఒకటి ఉంది. 99 సెంట్లకు ఏ వస్తువైనా దొరికే దుకాణంలో అరలన్నీ రంగురంగుల సరుకుతో అంతూ దరీ లేకుండా సాగిపోతుంటాయి. రెండు భాగాలుగా చేసిన అలాంటి ఫొటో ప్రతుల్లో ఒకటి 2007లో 33 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఫొటోలోని సరుకుకు లెక్క లేదు, ఫొటో ప్రతులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కళాకారుడు సమృద్ధిని చూపిస్తాడే గానీ, తన పనిని సమృద్ధిగా వదలడు. దుకాణం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఒక సిరీస్ పూర్తయ్యేలోపే రెండోది వస్తుంది. ఇక చాలు అని మీతో ఎవరూ అనరు.

అందుకే ఏది కొనేటప్పుడైనా ఒక్క ప్రశ్న వేసుకోండి: కుళాయి ఎవరి చేతిలో ఉంది? ఫెలిక్స్ గోంజాలెజ్ టోరెస్ అనే కళాకారుడు 1991లో చేసిన ఒక పని ఈ విషయాన్ని ఏ ఆర్థిక పాఠం కంటే బాగా చెబుతుంది. ఎయిడ్స్‌తో మరణించిన తన సహచరుడు రాస్ జ్ఞాపకంగా, రంగు కాగితాల్లో చుట్టిన మిఠాయిలను గది మూలన కుప్పగా పోశాడు. కుప్ప బరువు 175 పౌండ్లు ఉండాలని అనుకున్నాడు. చూడవచ్చినవాళ్లు తలా ఒక మిఠాయి తీసుకోవచ్చు, తరిగిన కుప్పను మళ్లీ నింపవచ్చు. తీసుకుపోయే మిఠాయికి మార్కెట్లో విలువేమీ లేదు. ఆ పనికి యజమాని ఎవరో, నింపాలో వద్దో నిర్ణయించే హక్కు ఎవరిదో దానితో వచ్చే ధ్రువపత్రం చెబుతుంది. తీసుకునే వీలు అందరికీ ఉంది, నింపే హక్కు ఒక్కరిదే. ప్రియమైన మనిషిని కొంచెం కొంచెంగా కోల్పోవడం గురించి ఆయన చెప్పిన మాట అది. దాన్ని డబ్బు లెక్కలోకి లాగినందుకు మన్నించండి, కానీ మీరు చూడాల్సిన తేడా అక్కడ కళ్లకు కట్టినట్టు ఉంది. బ్లైండ్ బాక్స్ కొన్న ప్రతిసారీ మీ చేతికి వస్తున్నది కుప్పలోని ఒక మిఠాయి. నింపే హక్కు కంపెనీ దగ్గరే ఉంది.

కంపెనీ ఆ హక్కును వాడుకుంటే ఏమవుతుందో 2025 జూన్‌లో, చైనా కంపెనీ పాప్ మార్ట్ బ్లైండ్ బాక్సుల్లో అమ్మే లబుబు బొమ్మల విషయంలో చూశాం. మనిషంత ఎత్తున్న లబుబు ఒకటి బీజింగ్ వేలంలో 10 లక్షల యువాన్లు దాటింది. అదే నెలలో కంపెనీ పెద్ద ఎత్తున సరుకు మళ్లీ విడుదల చేయడంతో మామూలు లబుబుల మారు బేరం ధరలు దిగిపోయాయి. 1990లలో బీనీ బేబీస్ అనే చిన్న గుడ్డ బొమ్మల మీద ఇంతకంటే పెద్ద వెర్రి నడిచింది. ఫలానా బొమ్మ తయారీ ఆపేస్తున్నామని కంపెనీ ప్రకటిస్తే చాలు, జనం ఎగబడేవారు. 1999లో లాస్ వేగాస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట, జడ్జి ఆదేశం మీద కోర్టు హాలు నేల మీద కూర్చుని ఆ బొమ్మలను ఒక్కొక్కటిగా పంచుకుంది. ఆస్తి పంపకంలో అంత పట్టు పట్టిన ఆ బొమ్మల మార్కెట్ ఆ తర్వాత కొద్దికాలానికే కుప్పకూలింది. అప్పటి బొమ్మల్లో చాలావాటిని ఇప్పుడు ఎవరూ అడగరు.

ఇక పెట్టెల లెక్క. ఒక సిరీస్‌లో 12 బొమ్మలు, అన్నీ సమానంగా దొరుకుతాయి, ఒక్కో పెట్టె విడిగా కొంటున్నారు అనుకుందాం. పన్నెండూ రావాలంటే సగటున 37 పెట్టెలు కొనాలి. ఈ 37 ఎలా పంచుకుంటాయో చూడండి. మొదటి ఆరు రకాలూ దాదాపు 8 పెట్టెల్లోనే వచ్చేస్తాయి. భలే దొరుకుతున్నాయే అనిపించేది ఇక్కడే, ఊపు ఎక్కేదీ ఇక్కడే. మిగతా ఆరింటికి మరో 29 పెట్టెలు కావాలి. అందులో చిట్టచివరి ఒక్క బొమ్మ కోసమే 12. ఆ ఒక్కటీ వస్తే సెట్టు పూర్తవుతుందన్న దింపుడు కళ్లం ఆశతో కొన్న పెట్టెల్లో ఉన్నవే వచ్చి పడతాయి. మీ 140లో ఒకేలాంటివి ఎన్ని ఉన్నాయో ఈ ఆదివారం బయటకు తీసి పక్కపక్కన పేర్చండి. నా అంచనా ప్రకారం మీ ఖర్చులో పెద్ద భాగం అక్కడే కనిపిస్తుంది. 144 పెట్టెలకు ఒకటి వస్తుందని చెప్పే రహస్య బొమ్మ సంగతి ఇంకా కష్టం. సరిగ్గా 144 పెట్టెలు కొన్నా అది రాకపోయే అవకాశం సుమారు 37 శాతం ఉంటుంది.

కాబట్టి ఒక ఫలానా బొమ్మే కావాలనిపిస్తే పెట్టెల జోలికి పోకండి. దాన్నే నేరుగా, ఇంకొకరి దగ్గర మారు బేరానికి కొనండి. మామూలు ధరకు మూడు నాలుగు రెట్లు పెట్టినా అదే చవక. సెట్టంతా కావాలంటే, రెండోసారి ఏదీ రాకుండా మూసి అమ్మే పూర్తి సెట్టు పెట్టెలు చాలా సిరీస్‌లకు దొరుకుతాయి, అది కొనండి. పెట్టె విప్పే క్షణంలోని ఉత్కంఠే మీకు కావలసింది అయితే, నెలకు ఒక పెట్టె విప్పండి. ఆ ఉత్కంఠకు ఎంత చెల్లిస్తున్నారో తెలిసి చెల్లించండి.

మీ వస్తువుల విలువ ఎంతన్న విషయంలో ఒక పరీక్ష చెబుతాను. అమ్మకానికి పెట్టినవాళ్లు రాసుకున్న ధరలు చూడకండి, అవి కోరికలు. ఒకేలాంటివి ఉన్న బొమ్మల్లోంచి ఐదు, ప్రింట్లలోంచి ఒకటి ఈ నెలలో నిజంగా అమ్మి చూడండి. వేదిక కమిషన్, ప్యాకింగ్, రవాణా అన్నీ పోగా బ్యాంకులో పడిన డబ్బును మీరు కొన్న ధరతో పోల్చండి. వేలానికి వెళ్లేంత పెద్ద ప్రింట్లయినా ఖర్చులు తప్పవు. పెద్ద వేలం సంస్థల్లో కొన్నవాళ్లు సుత్తి పడిన ధర మీద పావు వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ అదనంగా చెల్లిస్తారు. అమ్మినవాళ్లకు కమిషన్ కోత సాధారణంగా వేరే ఉంటుంది. ఈ రోజు కొని రేపు అదే ధరకు అమ్మితే నష్టపోయేది ఇందుకే. ఈ పరీక్షలో వచ్చిన అంకెను మీ వారికి కూడా చూపించండి. మీ ఇద్దరి మధ్య వాదన అభిప్రాయాల మీద కాకుండా ఆ అంకె మీద జరగడం మంచిది.

ఆ డబ్బు కార్డు బాకీకి వెళ్లాలి. బాకీ తీరేదాకా కొత్త వాయిదాలు ఒక్కటీ వద్దు. ఏటా 27 శాతం వడ్డీ ఆగిపోవడమంటే అంత రాబడి ఖాయంగా వచ్చినట్టే. అంత రాబడిని హామీ ఇచ్చే పథకం ఏదైనా ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. బాకీ తీరాక, దానికి నెలనెలా కడుతూ వచ్చిన మొత్తాన్ని అత్యవసర నిధిలోకి మళ్లించండి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు, వీలైతే ఆరు నెలలది, అడిగిన రోజే చేతికి వచ్చే చోట ఉండాలి. ఆ తర్వాతే దీర్ఘకాల మదుపు. జీతంలో ఐదో వంతు పక్కన పెట్టగల శక్తి మీకుందని మీ లెక్కే చెబుతోంది. ఆ శక్తి చాలామందికి ఉండదు.

సేకరణకు మాత్రం జీతంలో ఇరవయ్యో వంతు, అదీ నెల మొదట్లోనే విడి ఖాతాలో వేసుకుని, నిస్సంకోచంగా ఖర్చు పెట్టుకోండి. దానికి హద్దు మీరే గీయాలి. ఆ అల్మారాయే హద్దు అనుకోండి. కొత్తది రావాలంటే ఉన్నదొకటి వెళ్లాలి. ఏది ఉంచాలో ఎంచుకునేటప్పుడు మీకు నిజంగా ఏది నచ్చిందో తెలుస్తుంది, అది కొనేటప్పుడు తెలియదు. సమృద్ధిని ఆస్వాదించాలంటే అదంతా సొంతం కావాల్సిన పని లేదు. చైనా కళాకారుడు ఐ వేవే 2010లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో సుమారు 10 కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. పింగాణీకి పేరుపడ్డ చైనా నగరం జింగ్‌డెజెన్‌లో 1,600 మంది కళాకారులు రెండేళ్లకు పైగా కష్టపడి ఒక్కో గింజ మీద చేత్తో చారలు గీశారు. దూరం నుంచి ఒకటే బూడిదరంగు నేల, దగ్గరికెళితే ఏ రెండూ ఒకేలా లేవు. లక్షలమంది చూసి వెళ్లారు, ఆ అనుభవానికి ఒక్క గింజా ఇంటికి తెచ్చుకోనక్కరలేదు. మంచి ప్రదర్శనలు చూడటానికి మీ ఇరవయ్యో వంతులో కొంత కేటాయిస్తే నేను సంతోషిస్తాను.

ఇక వచ్చే నెల ప్రింటు. ఇప్పుడు తీసుకోకండి. బాకీ తీరాక కూడా అది కావాలనే ఉంటే, అప్పటికి ఎక్కడో ఒకచోట అమ్మకానికి దొరుకుతుంది. 500 ప్రతులు అంత తొందరగా కనుమరుగు కావు. కొనే ముందు అమ్మేవాళ్లను కొన్ని ప్రశ్నలు అడగండి. అంకె వేసిన 500 కాక, ఆర్టిస్ట్ ప్రూఫ్‌ల (కళాకారుడి కోసమని లెక్కకు బయట తీసే ప్రతుల) పేరిట ఇంకెన్ని తీశారు? ఇదే బొమ్మను వేరే సైజులో, వేరే రంగులో, వస్త్రం మీద ఇంకో ఎడిషన్‌గా తెస్తారా? ముద్రణకు వాడిన పలకను లేదా ఫైలును రద్దు చేశారా? సంతకం చేత్తో పెట్టినదా, అచ్చు వేసినదా? వీటికి రాతపూర్వకంగా జవాబివ్వగలిగితే ప్రింటు గురించి ఆలోచించండి. అప్పుడు కూడా వాయిదాల్లో కాదు, విడి ఖాతాలో అంత డబ్బు జమ అయిన రోజున.