ఒకవైపు దిగిన పాత కారు

ప్రశ్న: మా పెదనాన్నగారి 1970 డాడ్జ్ చాలెంజర్ ముందు భాగం ఎడమవైపు రెండు వేళ్ల మందం దిగింది. స్ప్రింగు మార్చాలని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: మీ కారుకు ముందువైపు కాయిల్ స్ప్రింగులే లేవండి; బరువు మోసేవి పొడవాటి టోర్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), కారు ఎత్తును చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌లోని బోల్టుతో సరిచేసుకోవచ్చు. టైర్లలో గాలి సమానంగా ఉంచి, కారును చదునైన గచ్చు మీద నిలిపి, బంపరును నాలుగైదుసార్లు అదిమి వదిలాక, కింది బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రంవైపు కలిపే గుండ్రటి కీలు) అడుగు నుంచి నేలకూ, బోల్టు దగ్గర ఆర్మ్ అడుగు నుంచి నేలకూ కొలిచి, ఆ రెండింటి తేడాను కుడి ఎడమలకు పోల్చి చూడండి. రెండువైపులకూ మధ్య 3 మిల్లీమీటర్లకు మించి వ్యత్యాసం ఉండరాదు. ఫెండరు అంచు నుంచి కొలిచేవారున్నారు గానీ, యాభై ఏళ్లు దాటిన రేకును నేను నమ్మను.

బోల్టు బిగిస్తే కారు లేస్తుంది. ముందుగా జాకీతో ఎత్తి, స్టాండ్లపై నిలిపి, చక్రాలు వేలాడుతుండగా, తుప్పు పట్టిన మరలకు నూనె పట్టించి తిప్పండి; బరువు మీదుండగా తిప్పితే మరలు పాడవుతాయి. ప్రతిసారీ కిందికి దించి, అదిమి, రెండువైపులా మళ్లీ కొలవాలి. ఎత్తు మారితే కేంబర్ (చక్రం పక్కకు ఒరిగే వంపు), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) కూడా మారతాయి కాబట్టి, పని ముగిశాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి.