క్రూయిజ్‌లో స్పెషాలిటీ డైనింగ్ ప్యాకేజీ తీసుకోవచ్చా? మా నాన్న శనివారం సంగతి చెప్తాను

అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు, వాళ్లని కరీబియన్ క్రూయిజ్‌కి తీసుకెళ్తున్నాం, స్పెషాలిటీ డైనింగ్ ప్యాకేజీ ఎలా పనిచేస్తుంది, కొంటే లాభమా దండగా అని మీలో ఒకరు అడిగారు. ఇంట్లో ఒక్కరు శాకాహారి ఉన్నా, ఒక్కరికి వారం పట్టింపు ఉన్నా కొనకండి. నేను కొన్నాను కాబట్టి చెప్తున్నాను.

మన మెస్సుల్లో మీల్స్ టికెట్ తీసుకుంటే పప్పు, కూర, సాంబారు, పెరుగు ఎంత అడిగితే అంత వడ్డిస్తారు కదా, చేప వేపుడు కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. షిప్‌లోనూ అదే పద్ధతి. మెయిన్ డైనింగ్ రూమ్, పై డెక్ మీద బఫే, పిజ్జా, ఇవన్నీ టికెట్‌లోనే వచ్చేస్తాయి. స్టేక్‌హౌస్, ఇటాలియన్, సుషీ, ఎదురుగా పెద్ద పెనం పెట్టి వండే జపనీస్ టెప్పన్‌యాకీ, ఇవి ఆ చేప వేపుడు లాంటివి. కొన్నిచోట్ల మనిషికి ఇంత అని కవర్ ఛార్జీ తీసుకుంటారు, కొన్నిచోట్ల ఏ ఐటమ్‌కి ఆ రేటు. మూడు రాత్రులకో, ట్రిప్పు మొత్తానికో వీటిని కలిపి ముందే అమ్మేదే ప్యాకేజీ. ఒక్కో రాత్రి లెక్కన చూస్తే విడిగా కొనడం కంటే చవక. అక్కడే పడిపోతాం.

మాది టెక్సాస్‌లో గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల ట్రిప్పు. దారిలో కోజుమెల్, రొవాటాన్, కోస్టా మాయా రేవుల్లో ఆగుతుంది. ఆదివారం ఎక్కి మళ్లీ ఆదివారం దిగాలి. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న, ఏడేళ్ల పాప. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్న కోడి, చేప, మేక ఏదైనా లాగిస్తారు, శనివారం మాత్రం వెంకటేశ్వరస్వామి. ఇవన్నీ నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా ఆఫీసులో ఒకాయన "మెయిన్ డైనింగ్‌లో ఏం తింటావ్, ప్యాకేజీ లేకపోతే క్రూయిజే వేస్ట్" అన్నాడని నలుగురు పెద్దవాళ్లకీ మూడు రాత్రుల ప్యాకేజీ కొనేశాను. ఆన్‌లైన్‌లో మనిషికి 110 డాలర్లు అని చూపించింది. దాని మీద 18 శాతం టిప్పు అదే వేసుకుంది, అంటే మనిషికి 130, మొత్తం 520 దాకా. పాపకి ప్యాకేజీ అక్కర్లేదన్నారు గానీ వెళ్లిన ప్రతిసారీ 15 డాలర్లు పడింది, అది తిన్నదేమో వెన్న రాసిన ఉత్త పాస్తా. నాన్న వెంటనే రూపాయల్లోకి మార్చారు. "నలభై నాలుగు వేలు. మూడు పూటల భోజనానికి." ఆ తర్వాత వారం రోజులూ అది నాకు వినపడుతూనే ఉంది.

ఈ 18 శాతం గురించి ఒక మాట. మా దాంట్లో రోజువారీ టిప్పు మనిషికి 18 డాలర్ల పైన షిప్‌లో మన పేరు మీద ఉండే ఖాతాలో ఎలాగూ పడుతుంది, పిల్లలకి కూడా. ఆ డబ్బులో మెయిన్ డైనింగ్‌లో వడ్డించే వాళ్ల వాటా కూడా ఉంటుంది. స్పెషాలిటీలో తిన్న రాత్రి ఇటు రోజువారీ టిప్పూ కడతాం, అటు ప్యాకేజీ మీద టిప్పూ కడతాం. 1912లో టైటానిక్‌లో కూడా ఫస్ట్ క్లాస్ వాళ్లకి విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్ ఉండేది, లుయిజీ గట్టి అనే ఇటాలియన్ దాన్ని నడిపేవాడు. మేం అక్కడే తింటాం, మామూలు డైనింగ్ సెలూన్‌కి రాం అని ముందే చెప్పిన వాళ్లకి టికెట్‌లో కొంత తగ్గించేవాళ్లు. మునిగిపోయిన ఓడకి ఉన్న ఆ న్యాయం ఇప్పటి ఓడలకి లేదు. మెయిన్ డైనింగ్‌కి మీరు ఒక్క రాత్రి వెళ్లకపోయినా పైసా తగ్గదు.

ఇక అసలు తిప్పలు టైముతో. ప్యాకేజీ కొన్నంత మాత్రాన మీకు కావలసిన రాత్రి కావలసిన చోట టేబుల్ దొరుకుతుందనుకుంటే పొరపాటు. మా దాంట్లో ముందుగా ఒక రాత్రి వాళ్లే పెట్టేశారు, మిగతావి షిప్ ఎక్కాక బుక్ చేసుకోమన్నారు. కాబట్టి ఎక్కగానే చెయ్యాల్సిన పని నేరుగా ఆ రెస్టారెంట్ దగ్గరికి వెళ్లి మిగతా రాత్రులు ఖాయం చేసుకోవడం. మేమేం చేశాం? అందరిలాగే బఫే మీద పడ్డాం. గాల్వెస్టన్‌కి ఐదు గంటలు కారులో వచ్చిన ఆకలి మరి. రెండు గంటలు తిని, కిటికీ దగ్గర ఫొటోలు దిగి (మా ఆవిడ ఫొటోల గురించి వేరే రాయాలి), నేను తీరిగ్గా కిందికి వెళ్లేసరికి క్యూ. నా వంతు వచ్చేసరికి టెప్పన్‌యాకీ బుధవారం రాత్రి ఏడింటికి, స్టేక్‌హౌస్ శనివారం రాత్రి 8:45కి. వేరే ఏం లేవన్నాడు. టెప్పన్‌యాకీలో పెనాల చుట్టూ ఉన్న కుర్చీలే సీట్లు, కొద్దిగానే ఉంటాయి, ముందు అవే అయిపోతాయి. శనివారం అన్నప్పుడు నా బుర్రలో గంట మోగాలి. మోగలేదు.

వాళ్లు పెట్టిన ఇటాలియన్ రాత్రి బాగానే గడిచింది, దాని గురించి చెప్పడానికేమీ లేదు.

బుధవారం టెప్పన్‌యాకీ. వేడి పెనం చుట్టూ మేము ఐదుగురం, వేరే కుటుంబం ముగ్గురు. వంటవాడు గరిటెలు గాల్లో తిప్పుతూ, పెనం మీద టకటకా వాయిస్తూ వచ్చాడు. ఉల్లిపాయ చక్రాలు దొంతర పెట్టి నూనె పోసి మంట లేపాడు. పాప ఎగిరి గంతేసింది. అంతవరకు బాగుంది. తర్వాత గుడ్డు తీసి గరిటె మీద బొంగరంలా తిప్పి, పెనం మీద పగలగొట్టి అన్నంలో కలిపేశాడు. ఆ పక్కనే రొయ్యలు, వాటి పక్కన కోడి, అవతల వాళ్లకి బీఫ్. అన్నీ ఒకే పెనం, ఒకే గరిటె. అమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండేది.

వెజిటేరియన్ అని బుకింగ్‌లో రాశాను, నిజమే. వాళ్ల లెక్కలో వెజిటేరియన్ అంటే ప్లేటులో మాంసం ముక్క లేకపోవడం, అమ్మ లెక్కలో ఆ గరిటె తగలకపోవడం. లోపల కిచెన్‌లో విడిగా చేసి తెస్తామన్నారు పాపం, ఇరవై నిమిషాలకి టోఫూ, క్యారెట్టు, పుట్టగొడుగులు వచ్చాయి. అమ్మ టోఫూని వేలితో నొక్కి చూసి "ఇది పన్నీరు కాదుగా" అంది. ఈలోగా వంటవాడు ఆట మొదలెట్టాడు. గుమ్మడికాయ జాతి కూరగాయ ముక్కని గరిటెతో ఎగరేస్తే మనం నోటితో పట్టుకోవాలట. అవతలి పిల్లాడు పట్టుకున్నాడు, అందరూ చప్పట్లు. తర్వాత మా నాన్న వంతు. ఆయనకి విషయం అర్థమయ్యే లోపే ముక్క వచ్చి కళ్లద్దాలకి తగిలింది.

మా నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. పళ్లెంలో మెతుకు వదిలినా ఒప్పుకోని మనిషి. కళ్లద్దాలు తీసి పంచ అనుకుని ప్యాంటుకి తుడుచుకుని, "తిండి విసురుతాడేంట్రా, కోతులకి వేసినట్టు?" అన్నారు. తెలుగులోనే అన్నారు గానీ వంటవాడికి అర్థమైందనుకుంటా, మా వైపు మళ్లీ ఏమీ ఎగరెయ్యలేదు. మనిషికి 60 డాలర్ల కవర్ ఛార్జీ ఉన్న చోట అమ్మ ఆ రాత్రి తిన్నది నాలుగు క్యారెట్టు ముక్కలు, ఒక ఐస్‌క్రీమ్.

బయటికి వచ్చేసరికి తొమ్మిది దాటింది. మెయిన్ డైనింగ్ ఇంకా మూయలేదు, పెరుగైనా దొరుకుతుందేమోనని వెళ్లాం. మా టేబుల్ దగ్గరికి వచ్చిన అసిస్టెంట్ వెయిటర్ మేం మాట్లాడుకోవడం విని ఆగిపోయాడు. శ్రీకాకుళం వైపు కుర్రాడు. "ఏటమ్మా, మూడు రోజులైంది ఎక్కి, ఒక్క మాట సెప్పలేదేటి?" అన్నాడు. వెళ్లి హెడ్ వెయిటర్‌ని తీసుకొచ్చాడు. ఆయనది గోవా. విషయం ఏమిటంటే, కిచెన్‌లో ఇండియన్ వంటవాళ్లు ఉన్నారు, ముందురోజు రాత్రి చెప్తే చాలు, పప్పు, ఒక కూర, అన్నం, చపాతీ, పెరుగు చేసి పెడతారు. గుడ్డు లేకుండా, కావాలంటే ఉల్లి వెల్లుల్లి లేకుండా కూడా. దీనికి ఒక్క డాలర్ ఎక్కువ లేదు. మెనూలో ఉండదు, యాప్‌లో కనపడదు, అడగాలి, అంతే. ప్యాకేజీ గురించి మాత్రం లిఫ్టు తలుపుల మీద, టీవీలో, బఫే గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చుని మరీ చెప్తారు.

మరుసటి రాత్రి నుంచి అమ్మ రాజ్యం. వేడి పప్పు, బంగాళాదుంప వేపుడు, గడ్డ పెరుగు. మా దగ్గర ఆవకాయ సీసా ఉంది. ఇంట్లో వండినవి చాలా క్రూయిజుల్లో ఎక్కనివ్వరు, కొట్లో కొన్నది సీలు తియ్యకుండా పెట్టుకుంటే మమ్మల్నెవరూ ఏమనలేదు. ఇక్కడ కొన్న ఆవకాయలో ఉప్పెక్కువ, కారం తక్కువ అని అమ్మ వారం అంతా సణిగింది, సీసా మాత్రం గురువారానికి సగం అయిపోయింది. అదే టేబుల్‌కి రోజూ వెళ్తే ఇంకో లాభం, రెండో రోజుకి మీ అలవాట్లు వాళ్లకి తెలిసిపోతాయి. నాన్నకి భోజనం ముందు వేడినీళ్లు, పాపకి ఐస్ లేని పాలు, అడగకుండానే వచ్చేవి. ఆ కుర్రాడు ఒకసారి ఎక్కితే ఏడెనిమిది నెలలు దిగడట, వారంలో సెలవంటూ ఉండదట. మూడు రాత్రులు అతన్ని వదిలేసి వెళ్లడానికి నేను 520 డాలర్లు కట్టానన్నమాట.

శనివారం వచ్చింది. స్టేక్‌హౌస్. వాడని భోజనానికి డబ్బు వెనక్కి రాదు, నాన్న రాత్రిని ఇంకొకరికి మార్చలేం, అది ఆయన షిప్ కార్డు మీదే ఉంటుంది. రద్దు చేద్దామంటే అదే ఆఖరి రాత్రి. "డబ్బు కట్టావుగా, పద" అన్నారు నాన్న, అది కోపమో జాలో తెలీదు. స్టేక్‌హౌస్ అంటేనే బీఫ్, అది మా ఇంట్లో ఎవరం తినం. చేప, కోడి, గొర్రె ఉంటాయి, నాన్న మామూలు రోజైతే గొర్రె ముక్కలు రెండు ప్లేట్లు లాగించేవారు. శనివారం కాబట్టి ఆయన తిన్నది పొట్టుతో కాల్చిన ఒక బంగాళాదుంప, పాలకూర, బ్రెడ్డు. అమ్మ అసలు రానేలేదు, కింద మెయిన్ డైనింగ్‌లో పప్పన్నం తిని, పాపని తీసుకుని షోకి వెళ్లిపోయింది. రెండు గంటలు కూర్చోబెట్టారు, షో మాకు పోయింది. నాన్న బంగాళాదుంపని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఎన్ని రూపాయలో లెక్కేశారు.

అందరికీ దండగ అనను. భార్యాభర్తలిద్దరే వెళ్తూ, అన్నీ తినేవాళ్లై, సముద్రంలోనే గడిపే రోజులు ఎక్కువున్న ట్రిప్పయితే అన్‌లిమిటెడ్ ప్యాకేజీ గిట్టుబాటవుతుంది, మా దాంట్లో ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనం కూడా అందులోనే ఉంది. రేవుల్లో ఎక్కువగా దిగే ట్రిప్పయితే మధ్యాహ్నాలు బయటే అయిపోతాయి, సాయంత్రం అలిసిపోయి వస్తారు, గిట్టదు. సుషీ చోట ప్యాకేజీ ఉన్నా మాకు 35 డాలర్ల వరకే అన్నారు, ఆపైన తింటే సొంత డబ్బు. అన్‌లిమిటెడ్ అన్న మాటకి అర్థం ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, ఆ సన్న అక్షరాలు చదవండి. ఒక్కసారి రుచి చూద్దామనుకుంటే ఒక్క రాత్రికే విడిగా కొనుక్కోండి.

మీరు ఇప్పటికే కొనేసి ఉంటే కంగారు పడకండి. ముందుగా ఆన్‌లైన్‌లో కొన్నవి ప్రయాణానికి ముందు రద్దు చేస్తే మామూలుగా డబ్బు వెనక్కి ఇస్తారు, గడువు ఎప్పటివరకో మీ బుకింగ్‌లో చూసుకోండి. రేట్లు కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, తగ్గినప్పుడు పాతది రద్దు చేసి మళ్లీ కొనుక్కోవచ్చు. కొనేముందు మాత్రం మీ అమ్మగారికి ఫోన్ చేసి ఎవరికి ఏ వారమో కనుక్కోండి, మా మామగారికి మంగళవారం కూడా ఉందని నాకు పెళ్లయిన తొమ్మిదేళ్లకి తెలిసింది.