అలారం మోతకు స్పృహ తప్పిందా? ముందు ఈసీజీ, ఆ తర్వాతే పీహెచ్‌డీ

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి 22 ఏళ్లు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతోంది. గుండె కణాల్లోని అయాన్ చానళ్ల (పొటాషియం లాంటి లవణాలు వచ్చిపోయే ద్వారాలట) మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అమెరికాలో మైకేల్ శాంగ్వినెట్టి అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఇదే పని చేశారట, తనకూ అదే కావాలట. ఈ లైన్లో భవిష్యత్తు ఉంటుందా? ఈమధ్య కాలేజీ ల్యాబ్‌లో సరదాగా ఈసీజీ తీస్తే క్యూటీసీ 486 వచ్చింది. మెషీన్ తప్పని నవ్వేసింది. ఏడాదిలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది, ఒకసారి తెల్లవారుజామున అలారం మోగినప్పుడు. నీరసం అనుకున్నాం. పోయిన వారం దగ్గు, వాంతులు, విరేచనాలు వస్తే మెడికల్ షాపులో చెప్పి అజిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), డోంపెరిడాన్ (వాంతుల మాత్ర) తెచ్చి వేశాం. తగ్గిపోయింది.
– ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: భవిష్యత్తు సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో రాసిన విషయాలే నాకు ఆందోళన కలిగిస్తున్నాయి.

గుండె ఒకసారి కొట్టుకోవడం మొదలెట్టి, మళ్లీ కొట్టుకోవడానికి విద్యుత్ పరంగా సర్దుకునేదాకా పట్టే సమయం క్యూటీ. దాన్ని గుండె వేగానికి తగ్గట్టు సరిచూసిన లెక్కే క్యూటీసీ. ఇది మరీ సాగితే గుండె లయ తప్పి స్పృహ పోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆడవాళ్లలో క్యూటీసీ 460 మిల్లీసెకన్లు దాటితే మేం జాగ్రత్తపడతాం. మెషీన్ లెక్క తప్పడం నిజమే. అందుకే చేత్తో కొలుస్తాం. ఈసీజీ కాగితం మీద ఒక్కో చిన్న గడి 40 మిల్లీసెకన్లు. గీతలో క్యూ అనే తరంగం మొదలైన చోటు నుంచి టీ అనే తరంగం పూర్తిగా కిందికి దిగేదాకా గడులు లెక్కపెట్టి, గుండె వేగానికి తగ్గట్టు సరిచూస్తాం. అలా కొలవకుండా ‘తప్పు’ అని కొట్టేయకూడదు. పైగా అలారం, ఫోన్ మోతలకు ఉలిక్కిపడి స్పృహ తప్పడం, క్యూటీ పుట్టుకతోనే సాగి ఉండే ‘లాంగ్ క్యూటీ’ జబ్బు రెండో రకంలో మేం ప్రత్యేకంగా అడిగే లక్షణం.

మీ అమ్మాయి అభిమానించే శాస్త్రవేత్త పని సరిగ్గా ఇక్కడికే వస్తుంది. 1990లో మెర్క్ ఔషధ సంస్థ పరిశోధనశాలలో ఉండగా ఆయన, సహచరుడు కలిసి గినీ పంది గుండె కణాల్లో ఒకటే అనుకున్న పొటాషియం కరెంటును (గుండెను మళ్లీ సర్దే విద్యుత్ ప్రవాహం) రెండుగా విడదీసి చూపారు. తర్వాత యూటా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1995లో అక్కడి మార్క్ కీటింగ్ బృందం లాంగ్ క్యూటీ ఉన్న కుటుంబాల్లో హెర్గ్ అనే జన్యువు చెడిందని కనిపెట్టింది. అదే ఏడాది శాంగ్వినెట్టి ఆ జన్యువును కప్ప గుడ్లలో పనిచేయించి, అది తయారు చేసేది ఆ రెండు కరెంట్లలో మందులతో ఆగిపోయేదాని చానలేనని చూపారు. అంటే కొందరిలో పుట్టుకతో చెడేదీ, కొన్ని మందులు మూసేసేదీ ఒకే ద్వారం. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మాత్ర 1998లో అమెరికా మార్కెట్ నుంచి పోయింది ఈ ద్వారం వల్లే.

మీరు వేసిన రెండు మాత్రలూ క్యూటీని సాగదీయగలవు. అజిత్రోమైసిన్ మీద 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. డోంపెరిడాన్ వాడకానికి 2014లో యూరప్ పరిమితులు పెట్టింది. చాలామందికి వీటితో ఏమీ కాదు. కానీ క్యూటీ ముందే ఎక్కువగా ఉన్న పిల్లకి, విరేచనాలతో పొటాషియం తగ్గే అవకాశమున్న రోజుల్లో, రెండూ కలిపి వేశారు. ఈసారి గండం గడిచిందనుకోండి. నా దగ్గరికి వచ్చేవాళ్లు కవర్లోంచి కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు బల్ల మీద పోస్తారు. పేరున్న భాగం షాపులోనే ఉండిపోతుంది. ఏం మింగారో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. పెద్దాయనకు బీపీ మాత్ర మార్చాలంటే పదిసార్లు అడుగుతారు, వయసు పిల్లకి మాత్రం ఎవరినీ అడగరు. ఇకమీదట ఆ పని చేయకండి. వాంతులకు వాడే ఆన్‌డాన్‌సెట్రాన్, యాంటీబయాటిక్ లెవోఫ్లాక్సాసిన్, ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ కూడా ఈ కోవలోవే.

ఆమెను గానీ ఈసీజీని గానీ నేను చూడలేదు, కాబట్టి జబ్బు ఉందని చెప్పడం లేదు. ఈ వారంలోనే కార్డియాలజిస్టుకు చూపించండి. 12 లీడ్ల ఈసీజీ, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం చూస్తారు. మీ దంపతులకూ ఈసీజీ తీయించండి. బంధువుల్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు, ఈత కొడుతూ మునిగిపోయినవాళ్లు, ‘ఫిట్స్’ అని మందులు వాడినవాళ్లు ఉంటే గుర్తుచేసుకుని చెప్పండి. జన్యు పరీక్ష అవసరమో కాదో డాక్టరు నిర్ణయిస్తారు. అప్పటిదాకా ఒంటరిగా ఈత, బండి నడపడం వద్దు. మంచం పక్కన అలారం తీసేసి, మీరే మెల్లగా లేపండి. మళ్లీ పడిపోతే మజ్జిగ తాగించి పడుకోబెట్టకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక మీ ప్రశ్న. పని ఉంది. 2005 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం కొత్త మందులు ఈ హెర్గ్ ద్వారాన్ని మూస్తాయేమో ముందే పరీక్షించాలి, కాబట్టి ఔషధ పరిశోధనలో ఈ చదువు అక్కరకొస్తుంది. చదవనివ్వండి. కాలేజీలో తీసిన ఆ ఈసీజీ కాగితం పారేయలేదు కదా? డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అదీ పట్టుకెళ్లండి.