అడ్రస్ పంపారు సరే, సైజు ఎవరు చెబుతారు?

ప్రశ్న: సీ భాషలో ఊరి పేరు తీసుకునే ఫంక్షన్ రాశాను. లోపల ప్రింట్ చేస్తే సరిగ్గానే ఉంది. రిటర్న్ చేశాక మెయిన్‌లో గార్బేజ్ వస్తోంది. కాలేజీ ల్యాబ్‌లో మాత్రం పనిచేసింది. నా ల్యాప్‌టాప్‌లో లోపమా?
– డిప్లొమా విద్యార్థి, అనంతపురం

జవాబు: ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ లేదు. సెమిస్టర్ మొదలైతే చాలు, కర్నూలు నుంచీ కడప నుంచీ ఇదే ప్రశ్న. ఫంక్షన్ లోపల డిక్లేర్ చేసిన అరే (అక్షరాల వరుస) స్టాక్‌లో, అంటే ఫంక్షన్ నడిచినంతసేపే దానికిచ్చే మెమరీలో, ఉంటుంది. ఫంక్షన్ ముగిశాక ఆ చోటు మీది కాదు. ల్యాబ్‌లో దాన్ని ఇంకేదీ తిరగరాయకముందే ప్రింట్ అయింది, అంతే. అరే పేరునే నేరుగా రిటర్న్ చేస్తే జీసీసీ కంపైలర్ అడగకుండానే వార్నింగ్ ఇస్తుంది. దయచేసి వార్నింగులు చదవండి.

అరేను మెయిన్‌లోనే 40 బైట్లతో డిక్లేర్ చేసి, అరే పేరుతో పాటు 40ని కూడా రెండో ఆర్గ్యుమెంట్‌గా పంపండి. ఫంక్షన్‌కు చేరేది అరే కాదు, మొదటి అక్షరం అడ్రస్. అక్కడ సైజు చెప్పే సైజాఫ్ వేస్తే 64 బిట్ మెషీన్‌లో ఆ అడ్రస్ సైజు 8 వస్తుంది. ఆ 8నే, లైను చదివే ఎఫ్‌గెట్స్‌కు ఇస్తే ఏడు అక్షరాలు చదివి ఆగిపోతుంది; ఎనిమిదో చోటు స్ట్రింగ్ ముగింపు గుర్తు '\0'కు.

అన్నిటికన్నా భయపెట్టేది, లైను చదివే పాత ఫంక్షన్ గెట్స్. దానికి సైజు చెప్పే వీలే లేదు. 10 బైట్ల అరేలో 50 అక్షరాలు కొడితే మిగిలినవి పక్క మెమరీ మీద పడతాయి. ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన అడ్రస్ కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది. దాన్ని మార్చగలిగినవాడు ప్రోగ్రామ్‌ను తనకు కావలసిన చోటికి మళ్లిస్తాడు. 1988 నవంబరులో, తనంతట తానే వ్యాపించే మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ యూనిక్స్ మెషీన్లలో దూరిన దారుల్లో ఇదొకటి: యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వర్‌లో 512 బైట్ల బఫర్ (ఇన్‌పుట్ దాచే అరే), దాన్ని నింపే గెట్స్. 2011 నాటి సీ ప్రమాణం గెట్స్‌ను పూర్తిగా తీసేసింది. అయినా ల్యాబ్ రికార్డుల్లో అదే రాయిస్తున్నారు, నీలి తెర పాత కంపైలర్ (టర్బో సీ) మీదే పరీక్షలు పెడుతున్నారు. ఉద్యోగంలో చేరాక మానుకోవాల్సిన అలవాటును మార్కులిచ్చి మరీ నేర్పడం అన్యాయం. ఉచితంగా దొరికే కొత్త కంపైలర్ వేయడానికి అడ్డేమిటి? వెడల్పు అంకె లేకుండా స్కాన్‌ఎఫ్‌తో స్ట్రింగ్ చదివినా ప్రమాదం ఇదే. 40 బైట్ల అరేకు ఆ అంకె 39 (%39s).

పేరు తెలుగులో తీసుకుంటే లెక్క మారుతుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కు (అక్షరం, గుణింతపు గుర్తు, సున్నా దేనికదే) 3 బైట్లు. 'కడప'కు 9, చివరి '\0'తో 10. 'అనంతపురం'కు గుణింతాలు, సున్నాలు కలిపి 24, '\0'తో 25. ఎఫ్‌గెట్స్ ఎంటర్‌ను కూడా '\n'గా దాచుకుంటుంది కాబట్టి ఇంకొకటి. స్టర్‌సీస్పన్ ఫంక్షన్‌తో ఆ '\n' స్థానం కనుక్కుని అక్కడ '\0' పెట్టండి.

స్ట్రింగ్‌ను చదవడం తప్ప మార్చని ఫంక్షన్ అయితే పారామీటర్ ముందు కాన్‌స్ట్ పెట్టండి. పొరపాటున లోపల మార్చబోతే కంపైలరే ఆపుతుంది.