'పెళ్లి కాలేదుగా, నీకేం హక్కు?' అంటే ఏం చెప్పాలి

ప్రశ్న: లాయర్ గారూ, ఆరేళ్లుగా ఒకతనితో కలిసి ఉంటున్నాను. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, ఇద్దరికీ ఇదివరకు పెళ్లిళ్లు కాలేదు. మొదట్లో అద్దె ఇంట్లో ఉన్నాం, తర్వాత లోన్ పెట్టి ఫ్లాట్ కొన్నాం. రిజిస్ట్రేషన్, లోన్ రెండూ అతని పేరునే ఉన్నాయి. నెలనెలా ఈఎమ్ఐలో సగం నేను అతని అకౌంటుకు వేసేదాన్ని. ఇప్పుడు వాళ్లింట్లో సంబంధం చూశారట, నెలాఖరుకల్లా ఖాళీ చేయమంటున్నాడు. గట్టిగా అడిగితే 'పెళ్లి కాలేదుగా, నీకేం హక్కు?' అంటున్నాడు. నిజంగానే నాకేమీ రాదా?

జవాబు: ఎందుకు రాదమ్మా, వస్తుంది. కాకపోతే అన్నీ ఒకే దారిలో రావు. ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు ఒక దారి, ఫ్లాటు మీద మీరు పెట్టిన డబ్బు ఇంకో దారి. సలహా కోసం వచ్చేవాళ్లు చాలామంది ఈ రెండూ కలిపేసుకుని, తాము భార్యతో సమానమా కాదా అనే వాదనలోనే నెలలు గడిపేస్తారు.

ముందు ఇంటి సంగతి. 2005 నాటి గృహహింస చట్టం అనగానే కొట్టినవాళ్ల మీద పెట్టే కేసు అనుకుంటారు గానీ, ఇంట్లోంచి గెంటేయడం, ఖర్చులకు ఇవ్వకుండా ఆపేయడం, మీ సామాను మీకు చెప్పకుండా అమ్మేయడం కూడా అందులో ఆర్థిక హింసే. పెళ్లయిన వాళ్లతో పాటు 'వివాహం వంటి సంబంధం'లో ఉన్న ఆడవాళ్లకూ అది వర్తిస్తుంది. అందులోని 17వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, ఇద్దరూ కలిసి కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది, చట్టప్రకారం తప్ప ఇష్టమొచ్చినట్టు బయటకు పంపడానికి లేదు. మేజిస్ట్రేట్ కోర్టులో వేసేటప్పుడే మధ్యంతర ఉత్తర్వు కావాలని అడగండి, తుది తీర్పు దాకా ఆగనక్కర్లేదు. ఈలోగా పోట్లాడి బ్యాగ్ సర్దుకుని వచ్చేయకండి. వచ్చేసినా హక్కు పోదు, గతంలో కలిసి ఉన్నవాళ్లూ కేసు వేయొచ్చని చట్టమే చెప్తోంది, కానీ ఇంట్లో ఉండి ఆర్డర్ తెచ్చుకున్నంత సులువుగా బయటకు వచ్చాక మళ్లీ లోపలికి వెళ్లలేం.

'వివాహం వంటి సంబంధం' అంటే ఏంటన్నది 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరికీ పెళ్లి వయసు ఉండాలి, చట్టప్రకారం ఒకరినొకరు చేసుకోగలిగిన వాళ్లై ఉండాలి, ఇష్టపూర్వకంగా చాలాకాలం ఒకే ఇంట్లో ఉండి ఉండాలి, నలుగురిలో భార్యాభర్తల్లా మెలిగి ఉండాలి. వీకెండ్‌లలో కలుసుకుంటే సరిపోదని కూడా అదే తీర్పులో ఉంది. అవతలి మనిషికి అప్పటికే పెళ్లయిందని తెలిసీ కలిసి ఉంటే ఈ చట్టం ఆదుకోదని 2013లో ఇంద్రా శర్మ కేసులో తేల్చారు. మీకు ఆ ఇబ్బంది లేదు, ఆరేళ్లంటే తక్కువ కాలమూ కాదు. మీరు గట్టిగా నిలబెట్టుకోవాల్సింది చివరి షరతు, 'నలుగురిలో' అన్నది. దీనికి పెద్ద పెద్ద సాక్ష్యాలేం అక్కర్లేదు. మీరు ఎప్పుడైనా ఆస్పత్రిలో చేరితే అడ్మిషన్ ఫారంలో బంధుత్వం అన్న గడిలో అతను ఏం రాసి సంతకం పెట్టాడో చూడండి. 'హస్బెండ్' అని ఉంటే ఆ ఒక్క కాగితం పది ఫోటోల పెట్టు. పాత అద్దె అగ్రిమెంట్, మీ ఇద్దరి పేర్లూ రాసి తెలిసినవాళ్లు పంపిన పెళ్లి శుభలేఖలు, అపార్ట్‌మెంట్ రిజిస్టర్ ఏది దొరికితే అది ఇవాళే ఫోటో తీసి ఇంకెవరి దగ్గరైనా దాచండి. వాట్సాప్ చాట్‌లు చెరపొద్దు, ఫోన్ మార్చొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది, అది లాయర్ చూసుకుంటారు.

భరణానికి చాలామందికి తెలిసిన దారి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్)లోని 125 సెక్షన్. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 సెక్షన్ అయింది. అందులో 'భార్య' అని ఉండటంతో సహజీవనం కేసుల్లో పేచీ వస్తుంది. గృహహింస చట్టంలో ఆ పేచీ లేదు, భార్య కాకపోయినా దీని కింద అడగొచ్చని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీరు సంపాదిస్తున్నారు కాబట్టి నెలవారీ మొత్తం తక్కువే రావచ్చు, అది ముందే అనుకోండి.

ఇక ఫ్లాటు. ఇక్కడే మీకు నచ్చని మాట చెప్పాలి. మన దేశంలో భార్యాభర్తలు విడిపోయినా ఆస్తి చెరిసగం అనే చట్టం లేదు, సహజీవనంలో అసలే లేదు. డాక్యుమెంట్‌లో పేరు ఎవరిదో ఫ్లాటు వాళ్లదే. 'పేరు అతనిదే కానీ సగం నాది' అని దావా వేస్తే ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున ఆస్తి కొనడాన్ని నిషేధించే బినామీ చట్టం అడ్డం తిరిగే ప్రమాదం ఉంది, ఎందుకంటే అందులో భర్త, భార్య, పిల్లల పేరున కొనేవాళ్లకు మినహాయింపు ఇచ్చారు గానీ సహజీవనంలో ఉన్నవాళ్లకు ఇవ్వలేదు. అందుకని నా సలహా, ఫ్లాటులో వాటా జోలికి పోకుండా మీరు వేసిన డబ్బు వెనక్కి అడగండి. అతను అది ఇంటి ఖర్చులో మీ వంతు అంటాడు, తప్పకుండా అంటాడు. ఈఎమ్ఐ కట్ అయ్యే తేదీకి ఒకటి రెండు రోజుల ముందు సరిగ్గా సగం మొత్తం మీ అకౌంటు నుంచి వెళ్తోందని స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆ మాట అంత తేలిగ్గా నిలవదు. ఆలస్యం మాత్రం చేయకండి. అప్పుగా ఇచ్చిన డబ్బుకు మూడేళ్లే గడువు, ఇచ్చిన రోజు నుంచే లెక్క. ఆ గడువు ముగిసేలోపు బాకీ ఒప్పుకుంటూ సంతకంతో రాసిస్తే అక్కడి నుంచి మళ్లీ కొత్త లెక్క మొదలవుతుంది. నిజానికి లోన్‌లో కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టకపోవడం ఒకందుకు మీకు మంచిదే అయింది, పెట్టి ఉంటే విడిపోయినా బ్యాంకువాళ్లు మిమ్మల్ని వదిలేవాళ్లు కాదు.

ఫీజుల టెన్షన్ వద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు జీతంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చేస్తే వివరాలు చెప్తారు.

ప్రశ్న: సార్, నేను మగవాణ్ని. మూడేళ్లు కలిసి ఉండి విడిపోయాం. నాకు ఉద్యోగం పోయింది, ఆమె బాగానే సంపాదిస్తోంది. నేను భరణం అడగొచ్చా? పైగా ఆమె కేసు పెడతానంటోంది, భయంగా ఉంది.

జవాబు: భరణం రాదు బాబూ. గృహహింస చట్టం కింద ఫిర్యాదు చేసేది స్త్రీ మాత్రమే, 144 సెక్షన్‌లోనూ భార్య, పిల్లలు, తల్లిదండ్రులే ఉన్నారు. మీరు చేబదులుగా ఏమైనా ఇచ్చి ఉంటే సివిల్ కోర్టులో అడగొచ్చు, పైన చెప్పిన మూడేళ్ల లెక్క మీకూ అంతే.

కేసు అంటే ఆమె బహుశా భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 69వ సెక్షన్ గురించి అంటోంది. పెళ్లి చేసుకునే ఉద్దేశం లేకుండా మాటిచ్చి శారీరక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలు. ఇక్కడ మొదటి రోజు మీ మనసులో ఏముందన్నదే ముఖ్యం. నిజంగా చేసుకుందామనుకుని తర్వాత కుదరకపోతే అది మోసం కిందకు రాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. పెళ్లి గురించి ఇంట్లో మాట్లాడిన మెసేజ్‌లు ఉంటే దాచండి. భయపడి ఆమెకు రాత్రిపూట ఫోన్లు చేయడం, స్నేహితులతో రాయబారం పంపడం లాంటివి ఆపండి, రేపు అవే మీ మీద ఇంకో కేసవుతాయి.

ప్రశ్న: మాకు నాలుగేళ్ల పాప ఉంది. పెళ్లి కాలేదు కాబట్టి పాపకు ఏమీ ఇవ్వనవసరం లేదని తండ్రి అంటున్నాడు. తీసుకెళ్లిపోతానని కూడా బెదిరిస్తున్నాడు.

జవాబు: రెండూ తప్పే. తల్లిదండ్రులకు పెళ్లి అయినా కాకపోయినా బిడ్డకు ఖర్చు ఇవ్వాల్సిందేనని 144 సెక్షన్‌లో రాసే ఉంది. తండ్రిని నేను కాదంటే కోర్టు డీఎన్ఏ పరీక్షకు ఆదేశించొచ్చు. హిందువులైతే 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం పెళ్లి కాని తల్లిదండ్రుల బిడ్డకు మొదటి సహజ సంరక్షకురాలు తల్లే, తండ్రి ఆమె తర్వాతే. బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ మీ దగ్గర పెట్టుకోండి, మీరు తప్ప ఇంకెవరొచ్చినా పాపను పంపొద్దని స్కూలుకు రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు కాపీ మీద స్టాంపు వేయించుకోండి.