క్రిస్మస్ కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ కథ చిత్తుప్రతి అందింది. మొదటి ప్రపంచ యుద్ధం, 1914 డిసెంబరు, బెల్జియం-ఫ్రాన్స్ సరిహద్దులోని ఫ్లాండర్స్ కందకాలు, పండగ పూట తుపాకులు పక్కన పెట్టి ఎదురెదురుగా నడిచి వచ్చిన బ్రిటిష్, జర్మన్ సైనికులు. వస్తువు మంచిదే. రాసిన తీరు గురించే నాలుగు మాటలు చెప్పాలి.

క్రిస్మస్ నాడు జరిగే చరిత్ర కథలంటే పాఠకులకు అంత ఇష్టం ఎందుకని అడిగావు. మంచు, కొవ్వొత్తులు, గంటల మోత అని చాలామంది అంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. జన్మలో మంచు చూడని ఒంగోలు పాఠకుడు కూడా ఈ కథలను వదలకుండా చదువుతాడు. అసలు ఆకర్షణ అంతా మర్నాడులో ఉంది. డిసెంబరు 26న ఏం కాబోతోందో చదివేవాడికి తెలుసు, కథలోని మనిషికి తెలియదు. ఆ ఆగస్టులో యుద్ధానికి బయలుదేరినవాళ్లలో చాలామంది క్రిస్మస్ నాటికి ఇల్లు చేరతామనే అనుకున్నారు. ఆ యుద్ధం 1918 నవంబరు దాకా సాగింది. "వచ్చే క్రిస్మస్‌కు ఇంట్లోనే ఉంటాను" అని నీ సైనికుడు ఒక్క మాట అంటే చాలు, పాఠకుడికి కలుక్కుమంటుంది. అదే మాట జూన్ నెలలో అంటే అంత తగలదు. సంక్రాంతికి అందరూ చేరిన ఇంట్లో ఒక విస్తరి తగ్గితే ఎలా తెలిసిపోతుందో, ఇదీ అంతే. ఎవరు మిగిలారో లెక్క తేలేది పండగ నాడే.

అందుకే నీ ఆఖరి పేరా కొట్టేయి. అందులో కథకుడు ముందుకొచ్చి యుద్ధం మరో నాలుగేళ్లు సాగిందనీ, లక్షల మంది పోయారనీ చెబుతున్నాడు. పాఠకుడికి తెలిసినదాన్ని నువ్వు మళ్లీ చెబితే, వాడి చేతిలో ఉన్నది లాక్కున్నట్టే.

ఫుట్‌బాల్ ఆటకు రెండు పేజీలు ఇచ్చావు. వద్దు. అక్కడక్కడా బంతి తన్నారని సైనికుల ఉత్తరాల్లో ఉన్న మాట నిజమే. కానీ ఇప్పుడు జనం ఊహించుకునే పెద్ద మ్యాచ్‌కు ఆధారాలు బలహీనం. పైగా ఆ దృశ్యాన్ని ప్రకటనల్లోనూ సినిమాల్లోనూ వాడి వాడి అరగదీశారు. కాల్పులు ఆగిన చాలా చోట్ల వాళ్లు ముందు చేసిన పని, రెండు కందకాల మధ్య రోజుల తరబడి పడి ఉన్న శవాలను పూడ్చడం. ఫ్రాన్స్‌లోని ఫ్లూర్బే దగ్గర ఒక స్కాట్లాండ్ పటాలం పాదిరి ఉమ్మడి ప్రార్థన జరిపించాడు. 23వ కీర్తనను ముందు ఇంగ్లీషులో చదివారు, తర్వాత వేదాంత విద్యార్థి అయిన ఒక జర్మన్ యువకుడు తన భాషలో చదివాడు. మన చర్చిల్లో పిల్లలు కూడా "యెహోవా నా కాపరి" అని అప్పజెప్పే కీర్తనే అది. నీ తెలుగు పాఠకుడికి ఆ దృశ్యం ఎంత దగ్గరో చూడు. అర్థం కాని భాషలో, లయను బట్టి, ఇప్పుడు ఏ వాక్యం నడుస్తోందో గుర్తుపట్టే సైనికుడు ఒకడు చాలు నీకు.

వాతావరణం కూడా సరిచూసుకో. మోకాలి లోతు బురదలో వాళ్లు కౌగిలించుకున్నట్టు రాశావు. వారాల తరబడి వాన కురిసిన మాట నిజమే కానీ, క్రిస్మస్ ముందు రోజు గట్టి చలి పట్టి బురద గడ్డకట్టింది. నడవడానికి నేల దొరికింది, అందుకే నడిచారు. కాల్పులు అంతటా ఆగాయని కూడా రాయకు. కొన్ని చోట్ల ఆ రోజు కూడా మనుషులు చచ్చిపోయారు. అర మైలు దూరంలో తుపాకి మోగుతుండగా ఇక్కడ ఇద్దరు సిగరెట్లు మార్చుకుంటున్నారంటే కథ ఇంకా బిగుస్తుంది.

ఇక వస్తువుల సంగతి. పాతకాలపు కథ నమ్మించేది తేదీలతో కాదు, చేతిలో పట్టుకునే వస్తువుతో. ఆ ఏడాది పదిహేడేళ్ల బ్రిటిష్ యువరాణి మేరీ పేరిట చందాలు పోగుచేసి సైనికులకు ఇత్తడి డబ్బాలు పంపారు. మూత మీద ఆమె ముఖచిత్రం, అంచుల వెంట మిత్రదేశాల పేర్లు. పొగ తాగేవాళ్లకు సిగరెట్లు, పొగాకు. అప్పుడు ఫ్రాన్స్‌లో భారత సైన్యం కూడా ఉందని మరిచిపోకు. సిక్కులకు సిగరెట్ల బదులు పటికబెల్లం, మసాలా దినుసులు ఇచ్చారు. నీళ్లు మోసే భిస్తీలకు దినుసులు మాత్రమే. గఢ్వాల్ రైఫిల్స్ సైనికులు కొందరు ఆ రోజు జర్మన్ల దగ్గరికి వెళ్లినట్టు దాఖలాలు ఉన్నాయి. ఎవరికి ఏది ఇవ్వాలో కూర్చుని జాబితా వేసిన ఆ దొరతనం మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, నవ్వూ వస్తుంది. ఫ్రాన్స్ చలిలో ఆ దినుసుల డబ్బా మూత తీసి వాసన చూసే భిస్తీ కథ నాకు తెలిసి తెలుగులో రాలేదు. నీ ఆంగ్లేయ లెఫ్టినెంటును పక్కన పెట్టి అతడి వెంట నడువు.

అంత దూరం వెళ్లలేనంటావా, మెదక్ ఉంది. కరువు కాలంలో పనికి అన్నం పెట్టి ఆ పెద్ద చర్చిని కట్టించారని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మిషనరీ పోస్నెట్ దొర హయాంలో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. రాళ్లు మోసిన మనిషి ఆ ఉదయం లోపల ఎక్కడ కూర్చున్నాడన్నది కథ. కాకపోతే ఆ కూలి ఇంట్లో ప్లమ్ కేకూ, వాకిట్లో కరెంటు దీపాల నక్షత్రమూ పెట్టావంటే నేను అక్కడే చదవడం ఆపేస్తాను.

పండగే లేని క్రిస్మస్ కావాలంటే 1647 చూడు. ఇంగ్లండ్ పార్లమెంటు ఆ పండగను నిషేధించింది. కాంటర్‌బరీలో ఆ రోజు దుకాణాలు తెరిపించబోతే జనం తిరగబడ్డారు. అదో పెద్ద కథ, ఈసారికి వద్దు.

ప్రత్యేక సంచికకు కథలు నవంబరులోనే ఖరారు చేస్తారు, డిసెంబరు దాకా చూస్తూ కూర్చోకు. ఈసారి పంపేటప్పుడు నిడివి మూడో వంతు తగ్గించి పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా అచ్చు తీయి, నా కళ్లజోడు పాతదైపోయింది.

మీ అమ్మను అడిగానని చెప్పు.

పెద్దమ్మ