ఉప్పునీటిలో సరిగ్గా చూపిన మీటరు బురదలోనూ సరిగ్గా చూపుతుందా?

నీటి అడుగు బురద సాంద్రత కొలిచే మీటరును అమ్మేవాళ్ళు ఉప్పునీటిలో ముంచి చూపించారు, రీడింగు సరిపోయింది, ఇక కొనేయవచ్చా అని మీరు అడిగారు. అప్పుడే కొనకండి. మీరు పనిచేయబోయే చోటి బురదలో ముంచి చూశాకే డబ్బు కట్టండి.

మాది శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి వైపు. కొన్నేళ్ళు ఒక సర్వే బృందంలో పనిచేశాను. మా దగ్గర ఉన్నది ట్యూనింగ్ ఫోర్క్ రకం. ఫోర్కు కాళ్ళు వణుకుతూ ఉంటాయి, చుట్టూ ఉన్నది బరువైన కొద్దీ వణుకు నెమ్మదిస్తుంది, దాన్నిబట్టి మీటరు సాంద్రత లెక్కకడుతుంది. పరీక్షకని నౌపడ ఉప్పు మళ్ళ నుంచి ముదురు నీళ్ళు తెచ్చుకున్నాం. ఉప్పు కట్టడం మొదలయ్యే నీరు బామె మీటరులో (ఉప్పునీటి చిక్కదనం కొలిచే సాధనం) 25 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే లీటరుకు సుమారు 1.21 కిలోలు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవులో ఓడ దిగగలిగే లోతుకు హద్దుగా పెట్టుకున్న బురద సాంద్రత 1.2. అంత దగ్గరి కొలత ఊరి పక్కనే దొరికిందని ఎంత సంతోషించామో! మీటరు కూడా 1.21 అనే చూపింది.

తర్వాత వంశధార మొగ దగ్గర దింపాం. అదే లోతు నుంచి తీసిన బురదను లీటరు సీసాలో నింపి తూస్తే 1180 గ్రాములు. మీటరు 1.24 అంటోంది. అప్పటికి పది రోజుల చార్టులు తయారైపోయాయి, అన్నీ మళ్ళీ గీయాల్సి వచ్చింది. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

కారణం ఏమిటంటే, ఉప్పునీరు ఎంత బరువైనా పారే నీరే. బురద అలా కాదు, కదపకుండా ఉంచితే గట్టిపడుతుంది, కదిపితే పలచబడుతుంది. ఫోర్కు వణుకుకు బరువుతో పాటు ఆ జిగట కూడా అడ్డం పడుతుంది. బంకమట్టి ఎక్కువున్న చోట ఒకలా, ఇసుక కలిసిన చోట ఇంకోలా చూపుతుంది. అందుకే ఒక మొగలో చేసిన కాలిబ్రేషన్ (తూకంతో పోల్చి మీటరును సరిచేసుకోవడం) ఇంకో మొగకు పనికిరాదు.

ఆ తర్వాత మేం ఇలా చేసేవాళ్ళం. ఒక డ్రమ్ముడు బురద తెచ్చి, అక్కడి నీళ్ళతోనే పలచన చేస్తూ 1.05 నుంచి 1.30 దాకా ఐదారు మెట్లుగా కలిపేవాళ్ళం. కుళాయి నీళ్ళు పోయకండి, ఉప్పు శాతం మారితే బురద ముద్దకట్టే తీరే మారిపోతుంది. మిక్సరు పెట్టి గిలక్కొడితే గాలి బుడగలు చేరి బరువు తగ్గుతుంది, తెడ్డుతో నెమ్మదిగా కలపాలి. కలిపిన వెంటనే కొలవాలి, ఆగితే బరువంతా అడుక్కు దిగి పైది తేలికవుతుంది. ఫోర్కు ఉన్న ఎత్తునుంచే సీసా నింపి తూసి, మీటరు రీడింగుతో పోల్చండి. లీటరు సీసాలో 10 గ్రాముల తేడా అంటే రీడింగులో 0.01 తేడా, కాబట్టి తూకం దగ్గర తొందర వద్దు. డ్రమ్ము వెడల్పుగా ఉండాలి, ఫోర్కు గోడకు దగ్గరగా ఉంటే రీడింగు చెడుతుంది.

నల్లగా, కుళ్ళు వాసన వచ్చే బురదలో గ్యాస్ బుడగలు ఉంటాయి. అలాంటిది తీసుకుంటే విడిగా రాసుకోండి.

చాలామంది వదిలేసేది లోతు సెన్సరు. అది నీటి ఒత్తిడిని బట్టి లోతు చెబుతుంది. 1.2 సాంద్రత ఉన్న బురదలో ఒక మీటరు దిగితే, సముద్రపు నీటిలో 1.17 మీటర్లు దిగినట్టు చూపుతుంది. సాంద్రత సరిగ్గా వచ్చినా లోతు తప్పుతుందన్నమాట. తాడు మీద గుర్తులు పెట్టుకుని దానితో సరిచూడండి. పైకి తీశాక ఫోర్కుకు బురద అంటుకుని ఉంటుంది, ప్రతిసారీ కడిగి మంచినీటిలో ముంచండి, 1.00 రాకపోతే ఆ దింపుడు రీడింగులు పక్కన పెట్టేయండి.

గామా కిరణాల రకానికి ఈ జిగట బాధ లేదు, కానీ అందులో రేడియోధార్మిక మూలకం ఉంటుంది కనుక అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు కావాలి. చిన్న బృందానికి అది భారమే. మీకు ఫోర్కు రకమే సరిపోతుంది. డ్రమ్ము, బురద, తక్కెడ సిద్ధం చేసుకుని అమ్మేవాళ్ళను మీ దగ్గరికే రమ్మనండి.